సూత్రం, టీక: జాలపుటల నిఘంటువుల కథ

చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. అందులో సూత్రాలు పొట్టివి. అవి కంఠస్థం కావడానికి విద్యార్థికి ఒక ఏడాది పడితే, అర్థం కావడానికి మరికొన్ని ఏళ్ళు పడతాయి. దువ్వూరి వేంకటరమణశాస్త్రిగారి ‘రమణీయము’ పక్కన పెట్టుకోకుండా ఒడ్డెక్కిన భాషాప్రవీణులను నేను ఎక్కువమందిని ఎరగను. శాస్త్రం ఏదైనా అంతే. సూత్రం వేరు, దానిని విప్పిచెప్పే టీక వేరు. పదం తట్టనప్పుడు తెరిచి చూసుకునే నిఘంటువు ఇంకా వేరు. సూత్రకారుడికి కీర్తి దక్కుతుంది, పని మాత్రం టీకతోను, నిఘంటువుతోను జరుగుతుంది.

బ్లాగు మిత్రులలో చాలామంది తమ మూసలను తామే దిద్దుకుంటారు. అక్షరం కొంచెం పెద్దది కావాలి, పక్కపట్టీ కుడివైపుకు జరగాలి, శీర్షిక కింద గీత పడాలి. ఈ పనులకు కావలసిన భాషలు మూడు. పుట నిర్మాణానికి హెచ్‌టీఎంఎల్, అలంకారానికి సీఎస్‌ఎస్, చలనానికి జావాస్క్రిప్టు. ఈ మూడింటిలో ఒక మాటకు అర్థం కావాలంటే ఎక్కడ చూడాలి? ఇప్పుడైతే ఎవరిని అడిగినా ఎండీఎన్ అంటారు. ఈ ఒక్క జవాబు తయారు కావడానికి పాతికేళ్ళకు పైగా పట్టింది. ఆ కథలో కంపెనీలు పుట్టాయి, చచ్చాయి, నిఘంటువులు అనాథలయ్యాయి. నిఘంటువును ఎవరు పోషిస్తారన్న ప్రశ్న మన తెలుగువాళ్ళకూ పాతదే కాబట్టి ఈ కథ మనకు బాగానే అర్థమవుతుంది.

మొదట సూత్రం లేదు, పట్టిక ఉంది. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో పనిచేసే టిమ్ బెర్నర్స్-లీ 1991 చివర ‘హెచ్‌టీఎంఎల్ ట్యాగులు’ అనే చిన్న పత్రాన్ని అందరికీ చూపించాడు. ట్యాగు పేరు, దాని కింద రెండు మూడు వాక్యాల వివరణ, అంతే. పద్దెనిమిది మూలకాలు. అమరసింహుడి వంటివాడు చూస్తే తన వర్గంలోని మనిషే అనుకునేవాడు. శీర్షిక, పేరా, లంకె, జాబితా, చిరునామా వంటివి ఆ పట్టికలో ఉన్నవి ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అసలైన లక్షణగ్రంథం హెచ్‌టీఎంఎల్ 2.0 పేరుతో 1995 నవంబరులో గాని రాలేదు. ఈలోగా భాష దాని ముందే పరుగెత్తింది. బొమ్మను పుటలో పొదిగే ట్యాగును 1993 ఫిబ్రవరిలో మార్క్ ఆండ్రీసెన్ ప్రతిపాదించాడు. వేరే పేర్లు, వేరే పద్ధతులు చెప్పినవారున్నారు. ఆయన తన మొజాయిక్ విహారిణిలో దానిని పెట్టేశాడు, అదే నిలిచింది. లక్ష్యాన్ని బట్టి లక్షణం పుడుతుందని మనవాళ్ళు చెప్పేది ఇదే. నన్నయ ముందా, వ్యాకరణం ముందా అని వాదించుకునేవారికి ఇది మంచి ఉదాహరణ.

(పాణిని ప్రసక్తి లేకుండా పండితుడు వ్యాసం ముగించలేడు. కంప్యూటరు భాషల వ్యాకరణాన్ని రాసే బాకస్ పద్ధతికి పాణిని పేరు కూడా చేర్చాలని 1967లో ఇంగర్మన్ అనే శాస్త్రజ్ఞుడు సూచించిన మాట నిజం. ఆ ఒక్క మాటను పట్టుకొని పాణినియే కంప్యూటరును కనిపెట్టాడనే దాకా మనం పోనక్కరలేదు.)

హాకన్ వీమ్ లీ 1994 అక్టోబరులో సీఎస్‌ఎస్‌ను ప్రతిపాదించాడు. బెర్ట్ బోస్ తోడయ్యాడు. మొదటి ప్రమాణం 1996 డిసెంబరులో, రెండవది 1998 మేలో డబ్ల్యూ3సీ సంఘం ముద్రతో వచ్చాయి. జావాస్క్రిప్టును బ్రెండన్ ఐక్ 1995 మేలో పది రోజులలో తయారుచేశాడని ప్రసిద్ధి; దాని ప్రమాణ గ్రంథం 1997 జూన్‌లో వచ్చింది. సూత్రాలన్నీ వచ్చాయి గాని, వాటిని పాటించేవారేరి? నెట్‌స్కేప్ ఒకటి చెప్పేది, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఒకటి చెప్పేది. ఒకడు మిణుకుమిణుకుమనే అక్షరాలు పెట్టాడు, ఇంకొకడు ఊరేగింపులో పల్లకీలాగా తెరకు అడ్డంగా నడిచే అక్షరాలు పెట్టాడు. మన తెలుగు సైట్లు ఆ పల్లకీని ఎంతకాలం మోశాయో మీకు గుర్తుండే ఉంటుంది.

ఈ తగవులో అన్నిటికంటె ప్రసిద్ధమైనది పెట్టె కొలత. ఒక పెట్టెకు వెడల్పు 200 అన్నాం. లోపల ఇరువైపులా పదేసి ప్యాడింగు, ఇరువైపులా ఒక్కొక్కటి చొప్పున అంచు గీత. సూత్రం ప్రకారం 200 అన్నది లోపలి విషయానికే వర్తిస్తుంది. తెర మీద పెట్టె ఆక్రమించేది 222. విండోస్ మీది ఎక్స్‌ప్లోరర్ 5 మాత్రం 200లోనే అన్నీ ఇమిడ్చి, విషయానికి 178 మిగిల్చేది. ఒకే ఆదేశం, రెండు విహారిణులలో రెండు కొలతలు. పుట పక్కకు ఒరిగిపోయేది, పక్కపట్టీ కిందికి జారిపోయేది. సూత్రగ్రంథం తెరిచి చూస్తే మీరు రాసిందే సరియైనదని ఉంటుంది. పుట మాత్రం చెడిపోయే ఉంటుంది! సూత్రం ఒక్కటే చాలదన్న సంగతి ప్రపంచానికి తెలిసింది ఇక్కడే. కావలసింది ‘ఈ మాటకు అర్థమేమి’ అని చెప్పే పుస్తకం మాత్రమే కాదు, ‘ఈ మాటను ఏ సీమలో ఏ అర్థంలో వాడుతున్నారు’ అని చెప్పే మాండలిక పదకోశం కూడా. తరువాత జరిగింది ఇంకా విచిత్రం. ఎక్స్‌ప్లోరర్ లెక్కే మనుషులకు సులువని చాలామందికి తోచింది. ‘బాక్స్-సైజింగ్’ అనే ధర్మం ద్వారా సీఎస్‌ఎస్ ఆ లెక్కనూ ఒప్పుకొంది. ఇవాళ చాలామంది నిర్మాతలు తమ దస్త్రం మొదటనే ఆ ధర్మాన్ని రాసుకొంటారు. నిన్నటి అపశబ్దం నేడు వైకల్పికమైంది, రేపు నిత్యమవుతుందేమో.

మాండలిక కోశాలను మొదట కూర్చినవారు కంపెనీలవారు కారు, విడి మనుషులు. ఎరిక్ మేయర్ 1990ల చివర ప్రతి సీఎస్‌ఎస్ ధర్మాన్నీ ప్రతి విహారిణిలోనూ పరీక్షించి గళ్ళపట్టికగా అచ్చు వేశాడు. టాడ్ ఫార్నర్ 1998 అక్టోబరులో ఒక పరీక్షాపత్రం తయారుచేశాడు; ఏ విహారిణి దానిని సరిగా గీయగలదో చూడటమే పరీక్ష. ఆమ్‌స్టర్‌డామ్‌లోని పీటర్-పాల్ కోఖ్ క్వర్క్స్‌మోడ్ పేరుతో విహారిణుల వికారాలన్నిటినీ ఏళ్ళ తరబడి నమోదు చేశాడు. సి.పి. బ్రౌను పద్యకావ్యాలతోపాటు వాడుకలోని మాటలను కూడా తన నిఘంటువుకు ఎక్కించాడు కదా, అలాటి ఓర్పు గల మనుషులు వీరు. వారి పట్టికలు లేకపోతే ఆ కాలంలో ఎవరి పుటా నిలబడేది కాదు.

కంపెనీల నిఘంటువులు వేరే రకం. మైక్రోసాఫ్టు వారి ఎంఎస్‌డీఎన్ విస్తారమైనది, ఉదాహరణలు కూడా ఉండేవి. కాని అది తమ విహారిణికి తాము రాసుకొన్న స్తోత్రం. ఒక ధర్మం లోకసమ్మతమా, మైక్రోసాఫ్టు సొంత చేర్పా అన్నది పుట అడుగున చిన్న వాక్యంలో ఉండేది. అంత కిందికి పోయి చదివేదెవరు? నెట్‌స్కేప్ వారి డెవ్‌ఎడ్జ్ కూడా అలాటిదే, అయితే జావాస్క్రిప్టు పుట్టిల్లు అదే కాబట్టి ఆ భాషకు ప్రామాణికమైన పుస్తకం అక్కడే ఉండేది. నెట్‌స్కేప్‌ను అమెరికా ఆన్‌లైన్ కంపెనీ 1999లో చేజిక్కించుకొంది. 2003 జులైలో విహారిణి విభాగాన్ని ఎత్తివేసింది. అదే నెలలో మొజిల్లా ఫౌండేషను విడిగా నిలబడింది. 2004 అక్టోబరులో డెవ్‌ఎడ్జ్ సైటు మూతపడింది. లంకెలు చచ్చాయి. ఒక భాషకు దాని మొదటి నిఘంటువు ఒక్కరాత్రిలో కనపడకుండా పోయింది.

పుస్తకాన్ని కాల్చేస్తే బూడిదైనా మిగులుతుంది. సైటు మూస్తే అదీ ఉండదు. అప్పుడు మొజిల్లావారు చేసిన పనిని నేను గొప్ప పనిగానే లెక్కిస్తాను. ఆ పాత పుటలను తిరిగి ప్రకటించే హక్కును అమెరికా ఆన్‌లైన్ దగ్గర అడిగి పుచ్చుకొన్నారు. 2005 ఫిబ్రవరిలో డెబ్ రిచర్డ్‌సన్ నాయకత్వంలో మొజిల్లా డెవలపర్ సెంటరు మొదలయింది. కొన్ని నెలలకే అది ఎవరైనా దిద్దగల వికీగా మారింది. తెలుగు వికీపీడియాలో చేయి చేసుకొన్నవారికి ఆ పద్ధతి చెప్పనక్కరలేదు. పాఠం స్వేచ్ఛా లైసెన్సు కిందికి వచ్చింది. అంటే సైటు మళ్ళీ మూతపడినా ప్రతి ఎవరి దగ్గరైనా ఉండవచ్చు. 2010లో దానికి ఎండీఎన్ అని పేరు మారింది.

ఇక పెద్దబాలశిక్ష సంగతి. నార్వేలోని రెఫ్స్‌నెస్ డేటా కంపెనీ 1998లో డబ్ల్యూ3స్కూల్స్ అనే సైటు పెట్టింది. పేరు చూసి ఇది డబ్ల్యూ3సీ వారి బడి అని చాలామంది భ్రమపడ్డారు. రెండింటికీ సంబంధం లేదు. ఆ భ్రమ కంపెనీకి లాభించిందనడంలో సందేహం లేదు. పాఠాలలో తప్పులున్నాయని, పాతబడిన పద్ధతులను నేర్పుతున్నారని 2011 జనవరిలో కొందరు నిర్మాతలు కలిసి డబ్ల్యూ3ఫూల్స్ అనే సైటు పెట్టి ఏకరువు పెట్టారు. తరువాత డబ్ల్యూ3స్కూల్స్ చాలా తప్పులు దిద్దుకొంది, విమర్శకులూ గొంతు తగ్గించారు. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు అక్షరాలు దిద్దించినవాడిగా నా మాట ఒకటి చెబుతాను. ఆ సైటు అంతగా వ్యాపించడానికి పేరొక్కటే కారణం కాదు. ఒక్కొక్క మాటకు నాలుగు పంక్తుల ఉదాహరణ, పక్కన ‘నీవే చేసి చూడు’ అనే మీట. పిల్లవాడికి పలక ఇచ్చినట్టు. పండితులు పలకను తక్కువగా చూసినప్పుడల్లా దానిని వ్యాపారులు చేతపడతారు. అయినా పెద్దబాలశిక్ష శబ్దరత్నాకరం కాదు; మొదటిదాన్ని చదివి రెండవదానితో పని లేదనుకొన్నవారే నష్టపోయారు.

2012 అక్టోబరులో ఒక మహాప్రయత్నం జరిగింది. డబ్ల్యూ3సీ పిలుపు మీద గూగుల్, మైక్రోసాఫ్టు, ఆపిల్, అడోబీ, ఫేస్‌బుక్, మొజిల్లా, ఆపెరా, నోకియా, హెచ్‌పీ కలిసి ‘వెబ్ ప్లాట్‌ఫాం డాక్స్’ అనే ఉమ్మడి నిఘంటువును ప్రకటించాయి. ఇంతమంది మహారాజులు కలిసి పోషిస్తే ఇంక లోటేమిటి అనుకొంటాం. 2015లో అది ఆగిపోయింది. అందరి సొత్తు అయినదానికి పూటపూటా కూర్చుని దిద్దేవాడు ఎవడూ మిగలలేదు. సూర్యరాయాంధ్ర నిఘంటువు చరిత్ర చదివినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు. పిఠాపురం రాజావారి పోషణలో తలపెట్టిన ఆ నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడింది. చివరి సంపుటం వచ్చేనాటికి రాజ్యాలే లేవు. అయినా అది పూర్తయింది, ఎందుకంటే ఆకారాది క్రమంలో మాటలు రాస్తూ కూర్చున్న పండితులు తరంవెంట తరం ఉన్నారు. కొమర్రాజువారి విజ్ఞానసర్వస్వానికి ఆ అదృష్టం లేకపోయింది. 1923లో ఆయనతోనే అదీ నిలిచిపోయింది.

మిగిలిన కంపెనీలు చివరకు ఎండీఎన్ పంచకే చేరాయి. 2017 అక్టోబరులో మైక్రోసాఫ్టు, గూగుల్, శాంసంగ్, డబ్ల్యూ3సీ దాని సలహామండలిలో కూర్చున్నాయి. మైక్రోసాఫ్టు తన ఎంఎస్‌డీఎన్‌లోని 7,700కు పైగా పుటలను ఎండీఎన్ పుటలకు మళ్ళించింది. ఒకప్పటి స్తోత్రపాఠకుడు ఎదుటి గుడిలో దీపం పెట్టినట్టయింది. విహారిణుల మాండలిక పట్టికలు కూడా అక్కడే ఒక్కచోట పోగయ్యాయి. అలెక్సిస్ డెవేరియా ఒంటిచేతితో మొదలుపెట్టిన ‘కెనైయూజ్’ పట్టికల సైటు కూడా 2019 నుంచి ఆ సమాచారాన్ని తన దాంతో కలిపి చూపిస్తున్నది.

కథ ఇక్కడ సుఖాంతం కావలసింది. 2020 ఆగస్టులో మొజిల్లా సుమారు 250 మందిని ఉద్యోగాలలోనుంచి తీసివేసింది. ఆ వేటు ఎండీఎన్ రచయితల మీద కూడా పడింది. డెవ్‌ఎడ్జ్ గతి మళ్ళీ పడుతుందని భయపడనివారు లేరు. ఆ డిసెంబరులోనే వికీ రూపం పోయి, పాఠమంతా గిట్‌హబ్‌లో మామూలు దస్త్రాలుగా మారింది. దిద్దదలచినవారు సవరణ పంపితే ఒకరు పరిశీలించి చేర్చుకొంటారు. 2021 జనవరిలో ఓపెన్ వెబ్ డాక్స్ అనే సంస్థ విరాళాల మీద ఏర్పడింది. అది ఏ కంపెనీకీ చెందకుండా, రచయితలకు జీతమిచ్చి, ఎండీఎన్ పాఠాన్ని రాయిస్తున్నది. జీతం అన్న మాటను తేలికగా చూడవద్దు. ఉత్సాహంతో నిఘంటువు మొదలవుతుంది. ‘క్ష’ దాకా పోవాలంటే మాత్రం నెల నెలా బియ్యం ఉండాలి.

ఇంకొక్క ఘట్టం. 2023 జూన్ చివర ఎండీఎన్ పుటలలో ఒక కొత్త మీట వెలిసింది. నొక్కితే కృత్రిమ మేధ ఆ పుటలోని ఉదాహరణను వివరిస్తుంది. వివరణలలో శుద్ధ తప్పులు ఉన్నాయని చదువరులు ఉదాహరణలతో చూపించి ఆగ్రహించారు. కొద్దిరోజులలోనే ఆ మీటను ఆపివేశారు. తప్పు చెప్పే యంత్రాలు లోకంలో చాలా ఉన్నాయి, దానికి ఇంత గొడవ ఎందుకని కొందరన్నారు. నిఘంటువుకు ఉన్న పరువంతా, తెరిచి చూసిన తరువాత ఇంకెవరినీ అడగనక్కరలేదన్న నమ్మకంలో ఉంది. ఆ నమ్మకం మీద ఆ పుటలోనే నీళ్ళు పోయడం రచయితలకు కోపం తెప్పించిందంటే నాకు న్యాయంగానే తోస్తుంది.

మరి ఇందులో మన వాటా ఎంత? ఎండీఎన్‌లోని అనువాదాలను 2020 చివర స్తంభింపజేసి, 2021లో చురుకుగా పనిచేసే బృందాలున్న భాషలను మాత్రమే తిరిగి తెరిచారు. ఫ్రెంచి, జపానీ, చీనీ, కొరియను, రష్యను, స్పానిషు, బ్రెజిలు పోర్చుగీసు ఉన్నాయి. భారతీయ భాష ఒక్కటీ లేదు. దీనికి వారిని నిందించి ప్రయోజనం లేదు. పరిశీలించి చేర్చుకొనే మనిషి లేని భాషలో తప్పులు ఎవరు దిద్దుతారు?

నన్ను ఎక్కువ బాధించేది అనువాదం లేకపోవడం కాదు. తెలుగు అక్షరానికి ఈ మూడు భాషలతో వచ్చే చిక్కులు ఏ నిఘంటువులోనూ సకాలంలో నమోదు కాలేదు. ఫైర్‌ఫాక్స్ 2 రోజులు గుర్తు తెచ్చుకోండి. టపాకు ఇరువైపులా అంచులు సమంగా రావాలని ‘జస్టిఫై’ పెడితే, వత్తులు, గుణింతాలు అక్షరాలనుంచి విడిపోయి చెల్లాచెదురయ్యేవి. ఎడమకు సర్దితే కుదురుకొనేవి. 2008 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3 వచ్చాక గాని ఆ పీడ వదలలేదు. దీనికి విరుగుడు మనకు ఏ విదేశీ పట్టికలోనూ దొరకలేదు. ఒక తెలుగు బ్లాగరి టపా రాస్తే ఇంకొకరు చదివి దిద్దుకొన్నారు. పంక్తి ఎత్తును ఆంగ్లానికి సరిపోయేట్టు పెడితే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వంటి మాటలలో అడుగు వత్తు కింది పంక్తితో కొట్టుకొంటుందన్నది కూడా మనకు మనమే కనిపెట్టుకొన్నది.

ఆ టపాలు ఉన్న సైట్లు ఏమయ్యాయి? ఉచితంగా చోటిచ్చిన జియోసిటీస్ 2009లో మూతపడింది. మరి కొన్ని ఎవరూ గమనించకుండానే పోయాయి. డెవ్‌ఎడ్జ్ చస్తే హక్కు అడిగి తెచ్చుకొన్నవారున్నారు. మన చిట్కాలకు ఎవరున్నారు?

కొంత పని ఇటీవల జరిగింది. భారతీయ లిపుల అమరికకు కావలసిన నియమాలను డబ్ల్యూ3సీ ఒక పత్రంగా కూర్చింది. రిచర్డ్ ఇషిడా అనే ఆంగ్లేయుడు తెలుగు లిపి మీద సవివరమైన పుట రాసి జాలంలో ఉంచాడు. మన గుణింతాలు, వత్తుల పద్ధతి అంతా అందులో ఉంది. ఒక పరాయివాడు మన అక్షరాలను అంత శ్రద్ధగా చూశాడంటే బ్రౌనుదొర గుర్తుకు రాక మానడు. మీరొక చిన్న పరీక్ష చేసి చూడండి. పేరా మొదటి అక్షరాన్ని పెద్దది చేసే ‘ఫస్ట్-లెటర్’ అనే సీఎస్‌ఎస్ ఆదేశాన్ని ‘స్త్రీ’ అనే మాటతో మొదలయ్యే పేరా మీద ప్రయోగించండి. సకార, తకార, రేఫలు మూడూ ఈకారంతో సహా ఒక్కటిగా పెరగాలి; ఛందస్సు చదివిన ఎవరికైనా అది ఒక్క అక్షరమే. మీ విహారిణి ఎంతవరకు పెంచుతుందో చూసి, దాని పేరు, సంచిక సంఖ్య రాసి పెట్టుకోండి. మాండలిక కోశానికి మొదటి చీటీ అదే.

నిఘంటువును చూసేటప్పుడు నేను పాటించే క్రమం కూడా చెబుతాను. మాట అర్థం కోసం ఎండీఎన్. పుట పైన ఉదాహరణ చూసి ఆగిపోకుండా, అడుగున ఉన్న విహారిణుల పట్టిక దాకా పోవాలి. అక్కడే సూత్రగ్రంథానికి లంకె ఉంటుంది. సందేహం తీరకపోతే అది తెరవాలి. హెచ్‌టీఎంఎల్ విషయంలో ఆ గ్రంథం 2019 మే ఒప్పందం తరువాత వాట్‌డబ్ల్యూజీ అనే బృందం అధీనంలో ఉంది, నిత్యం మారుతూ ఉంటుంది. కనుక పాత అచ్చు ప్రతిని ప్రమాణంగా పెట్టుకోరాదు. మొదటిసారి నేర్చేవారికి పలక కావాలంటే డబ్ల్యూ3స్కూల్స్‌కు పోవడంలో నామోషీ ఏమీ లేదు.

జస్టిఫై చిక్కుకు, పంక్తి ఎత్తుకు, ఖతుల వరుసకు ఆనాడు మీరు రాసుకొన్న టపాలు ఎవరి దగ్గరైనా ప్రతులుగా ఉంటే దయచేసి పంపండి. తేదీ, విహారిణి పేరు, సంచిక సంఖ్య ఉంటే మరీ మంచిది. అకారాదిగా కూర్చే పని నేను చేస్తాను.